అంగారకుడి మీద గ్యాస్

టీకొట్టు అక్క పొయ్యి ఉన్నట్టుండి ఆరిపోయింది. ఎదురుగా ఉన్న ప్రెస్సులో ఎనిమిదింటికి గంట కొడితే జనమంతా లోపలికి పోతారు, పాలు విరిగిపోతాయి, పొద్దుటి బేరం కాస్తా మటాష్. ఆమె క్షణానికోసారి ప్రెస్సు గేటు వైపు చూస్తోంది. బాగుచేయడానికొచ్చిన బాబాయ్ మాత్రం సిలిండరు మీద కూర్చుని, బర్నరు ఒళ్లో పెట్టుకుని, తీరిగ్గా నోరు విప్పాడు.

"బాబాయ్, ఆ సిలిండరు..." అంది అక్క.

"ఆగమ్మా, ఇది తెలిసినవాళ్ల పని. ఆ, ఏం చెబుతున్నా? రాకెట్ల కేంద్రం క్యాంటీన్లో ఇలాంటి పొయ్యే మొరాయిస్తే నేనే బాగుచేశా. ఆ నీలిమంట చూసి పెద్ద సైంటిస్టు నా చెయ్యి పట్టుకుని వదల్లే. అంగారకుడి మీదికి ఆరుగుర్ని పంపాలి, తిరుగు ప్రయాణానికి ఇంధనం మోసుకెళ్లలేం, ఎలాగన్నాడు. ఓరి అమాయకుడా, మోయడమెందుకు, అక్కడి గాలి పట్టు, నేలలో మంచు తవ్వు, రెండూ కలిపి కాచు, గ్యాసే గ్యాసన్నా. అంతే, ఒకణ్ణి దింపేసి నన్నెక్కించారు."

"అక్కడి గాలి పీల్చడానికి పనికిరాదటగా?" అన్నాడు టీ కోసం నిలబడ్డ ప్రెస్సు బైండింగ్ పనాయన.

"పనిలో ఉంటే పీల్చే తీరికెక్కడిదిరా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? దిగీ దిగగానే కంప్రెసర్ చెడింది. మిగతా ఐదుగురూ ఏడుపు లంకించుకున్నారు. నేను గొట్టం నోట్లో పెట్టుకుని మూడ్రోజులు ఊదా. ట్యాంకు నిండింది. అలవాటైపోయి ఆపలేకపోయా, కొండల కింది గుహలూ నిండాయి. గ్రహం బూరెలా ఉబ్బి, కదిలి, ఇటే రావడం మొదలెట్టింది!"

"ఎటూ?"

"ఇటే! ఇదిగో, ఈ పానాతోనే ఓ బోల్టు వదులు చేసి గాలి తీశా. లేకపోతే ఈపాటికి మీ ప్రెస్సు మీద కూర్చునుండేది."

గంటకింకా పది నిమిషాలుంది. అక్కకు ఒళ్లు మండిపోయింది.

"లే బాబాయ్," అంది. అతను లేచాడు. ఆమె సిలిండరు పిడిలో రెండు వేళ్లు పెట్టి ఎత్తింది. ఖాళీ బిందెలా తేలిపోయింది. పొయ్యంతా విప్పినవాడు దాన్ని ఒక్కసారైనా ఎత్తి చూడలేదు.

బల్ల కిందున్న నిండు సిలిండరు బయటికి దొర్లిస్తూ అంది: "నువ్వు అక్కడ గ్యాస్ తయారుచేశావంటే నమ్ముతున్నా బాబాయ్. నీకు గాలీ మంచూ కూడా అక్కర్లేదు. అరగంట నుంచీ ఖాళీ సిలిండరు మీద కూర్చుని తయారుచేస్తూనే ఉన్నావుగా. ఇక ఆ బర్నరిటియ్యి!"