గోళం జారని మధ్యాహ్నం

వేధశాల గోపురం మీది నల్లని గోళాన్ని రోజూ మధ్యాహ్నం సరిగ్గా పన్నెండింటికి జారవిడిచేవారు. దాన్ని చూసి రేవులో ఓడలన్నీ గడియారాలు దిద్దుకునేవి. కానీ మబ్బు పట్టి వారమైంది. రాత్రుళ్లు చుక్కల కోసం కాపు కాసి, నిద్రలేక కళ్లు మండుతున్న తమ్ముడు గోళం తాడు పట్టుకుని అక్క వైపు చూశాడు. అక్కడి గడియారాల బాధ్యత ఆవిడదే.

“వదిలెయ్యనా అక్కా?”

“వద్దురా. ఒక్క చుక్కయినా కనబడితే కదా, మన గడియారం ఎంత తప్పిందో తెలిసేది! ఎర్రజెండా ఎగరెయ్యి. ఇవాళ టైము చెప్పలేమని వాళ్లకే అర్థమవుతుంది.”

“మహా అయితే నాలుగు సెకన్లు తప్పుంటుంది. ఎవడు చూడొచ్చాడు?”

“గడియారం నాలుగు సెకన్లు తప్పితే, సముద్రం మీద ఓడ ఎక్కడుందన్న లెక్క మైలు తప్పుతుందిరా. ఏ రాళ్ల మీదికో పోతే నువ్వూ నేనూ వెళ్లి లాగుతామా?”

“టైము తెలియందే ఓడలు కదలవు. బావ ఓడ కూడా ఇవాళే బయల్దేరాలి.”

“తెలుసు.”

“మొగుణ్ణి ఆపుకోడానికే ఈ ఎత్తు వేసిందంటారు అందరూ.”

“అననీ. కాదని చెప్పే ఓపిక కూడా లేదు నాకు.”

తమ్ముడు తాడు గట్టిగా కట్టేసి, జెండా ఎగరేశాడు. రేవులోంచి ఒక ఓడ విసుగ్గా కూత పెట్టింది.

“నిజం చెప్పక్కా, మబ్బుల వల్లేనా?”

ఆవిడ మెట్టు మీద కూలబడి, గోడకి తల ఆనించింది.

“మబ్బుల వల్లేరా. ఆయన కోసమే అయితే, పెళ్లయిన కొత్తలోనే ఆపేదాన్ని.”

తమ్ముడు కండువా తీసి మడిచి, ఆవిడ తలకీ గోడకీ మధ్య పెట్టాడు.

“కాసేపు ఇక్కడే పడుకుంటాను,” అంది ఆవిడ కళ్లు మూసుకుని. “ఆయనొస్తే లేపు.”