వియ్యంకుడితో పొత్తులో కొన్న పడవ

— తాతయ్యా, నందిగామ తాతయ్యని నువ్వు ‘ఒరేయ్’ అన్నావంట. నిజమేనా?

ఎవరు చెప్పారే నీకు? మీ అమ్మమ్మేగా? ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. అన్నాలే. అన్నా. ఒక్కసారి కాదు, మూడుసార్లన్నా. ఇంకో మాట కూడా అన్నా, అది మాత్రం ఆ ఫోన్లో ఎక్కనీకు. ఏంటి, అప్పుడే రికార్డవుతోందా? సరే కానీ. ఆ దిండు ఇటు పడెయ్, నడుం పట్టేసింది.

ముందు నీకొక సంగతి తెలియాలి. నేను ఆడపిల్ల తండ్రిని. మీ అమ్మ నా కూతురు, మీ నాన్న ఆయన కొడుకు. అంటే ఆయన మగపెళ్ళివారన్నమాట. ఇప్పుడివన్నీ ఎక్కడున్నాయి తాతయ్యా అంటావు. ఉన్నాయే, చొక్కా మార్చుకుని తిరుగుతున్నయి. ఆయనొస్తే నేను లేచి నిలబడాలి. కూరలో ఉప్పెక్కువైందని ఆయనంటే ఎక్కువైనట్టే, చప్పగా ఉన్నా సరే. పైగా ఆయన హెడ్మాస్టరు చేసి రిటైరైన మనిషి, నందిగామలో సగం ఊరు ఆయన చేత బెత్తందెబ్బలు తిన్నదే. నేనెవర్ని? చిల్లకల్లు దగ్గర హైవే మీద టైర్ల షాపు. పంచర్లు వేసీ వేసీ గోళ్ళల్లో నలుపు దిగబడిపోయింది. మీ అమ్మ పెళ్ళికి మూడ్రోజుల ముందునుంచీ నిమ్మచెక్కలతో తోమితే, కన్యాదానంలో ఆయన కాళ్ళు కడిగేటప్పటికి... కాదు కాదు, మీ నాన్న కాళ్ళు కదూ కడిగింది. ఏదో ఒకటిలే, అప్పటికీ పోలేదు.

ఆ, పడవ. ఒకరోజు పొద్దున్నే ఫోను. “బావగారూ, మనం పడవ కొంటున్నాం” అన్నాడు. కొందామా అని కాదు, కొంటున్నాం! అందులోనూ మనం అంట! నేనేమంటా? “చిత్తం బావగారూ, మంచి ఆలోచన” అన్నా. ఫోను పెట్టేసి మీ అమ్మమ్మకి చెప్పా. “జనం కృష్ణలో మునగడానికి పుష్కరాలకి పోతారు. మీ ఇద్దరికీ ఏ రోజైనా పుష్కరమే” అంది.

పడవంటే చేపల పడవనుకునేవు. అది కాదు. ముక్త్యాల అవతల సిమెంటు ఫ్యాక్టరీలో చేసే ఇంజనీరు ఒకాయన, ఎక్కడో మద్రాసు సముద్రం ఒడ్డున కొని లారీ మీద వేయించుకొచ్చాడంట. తెరచాప పడవ. లోపల వంగి దూరితే బుల్లి గది ఉంటది. అటొక బల్ల ఇటొక బల్ల పడుకోవడానికి, మధ్యలో పొయ్యి, చేత్తో కొడితే నీళ్ళొచ్చే కుళాయి. వారం రోజులు గట్టెక్కకుండా వండుకు తింటా తిరగొచ్చు. ఆయన రిటైరై వెళ్ళిపోతా దాన్ని అమ్మకానికి పెట్టాడు. పాతికేళ్ళ పడవ. మనిషికైతే పెళ్ళీడే గానీ, పడవకి కాటికి కాళ్ళు చాపే వయసే అది. తలుపు తీస్తే గబ్బిలాల కంపు.

మనకి పాత సరుకు చూడటం తెలుసు గదా. లారీవాళ్ళు టైరుని రాడ్డుతో కొట్టి చూడరూ, ఆ మోతతోనే తెలిసిపోద్ది. నేనూ అట్టాగే పైన నడిచే చోటంతా వేళ్ళతో కొట్టుకుంటా పోయా. టక్, టక్, టక్ అంటా వచ్చి ఒకచోట డబ్ అంది. లోపల చెక్క నాని పుచ్చిపోయిందే. “బావగారూ” అని నోరు తెరిచానో లేదో, “దివ్యంగా ఉంది, ఖాయం చేసేద్దాం” అన్నాడు. “దివ్యంగా ఉందండి” అన్నా. ఆ పుచ్చంతా తర్వాత నేనే కోసి కొత్త చెక్కేసి అతికించా, ఆయన మధ్యాహ్నం కునుకు తీసే టైంలో. ఇప్పటికీ ఆయనకా సంగతి తెలీదు.

రంగులు వేయించడానికి మన లారీల పెయింటర్నే తీసుకెళ్ళా. వాడికి పడవైనా లారీయైనా ఒకటే. వెనకాల రెండు చిలకలు, మధ్యలో తామరపువ్వు, కింద ‘సౌండ్ హారన్’. ఎవరు కొట్టాలిరా హారను, కొంగలా? పూజ రోజున నిమ్మకాయలు తెచ్చాం, తొక్కించడానికి పడవకి చక్రాలేవి? పంతులుగారు కాసేపు తల గోక్కుని వాటిని నీళ్ళల్లో వేయించాడు. అవి తేలుకుంటా పోయినయి. “అవి నయం, తేలుతున్నయి” అంది మీ అమ్మమ్మ. రేవులో జనాన్ని ఏరు దాటించే బల్లకట్టు వాళ్ళు పడీపడీ నవ్వారు.

నవ్వమాక. నేను ప్రతిదానికీ చిత్తం చిత్తం అనడానికి కారణముంది. అప్పుడు నువ్వు ఎల్కేజీ. మీ అమ్మకి విజయవాడలో ఒక కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. చచ్చీచెడీ చదివిందే అది, ఎమ్మెస్సీ, బీఈడీ. పెళ్ళయినకాడ్నుంచీ ఆ సర్టిఫికెట్లు బీరువాలో చీరల కింద ఉన్నయి. నందిగామ నుంచి రోజూ బస్సులో వెళ్ళి రావచ్చు. మీ నాన్న బంగారంలాంటివాడేగానీ, వాళ్ళ నాన్న ముందు నోరు పెగలదు. “మా నాన్నగారు ఎట్టా అంటే అట్టా” అంటాడు. ఆయనేమో ఔననడు, కాదనడు, “చూద్దాం” అంటాడు. క్లాసులు మొదలయ్యేదాకా ఆగి, ఇంక సోమవారంలోగా వచ్చి చేరకపోతే ఇంకొకళ్ళని తీసుకుంటాం అన్నారు కాలేజీవాళ్ళు. ఆయన మంచి మూడ్‌లో ఉన్నప్పుడు చూసి నేను అడగాలని మీ అమ్మా నేనూ అనుకున్నాం. ఆయన మంచిగా ఉండేది పడవ మీదే. అదీ సంగతి. నేను నాలుగు నెలలు పడవ నడిపానా, ఆయన మూడ్ నడిపానా అంటే ఏం చెప్పను!

ఇంకోటి చెప్పాలి నీకు, ముడి సంగతి. తెరచాపకి ఒక తాడుంటది. గాలి ఎక్కువైతే ఆ తాడు వదలాలి, తగ్గితే లాగాలి. బల్లకట్టు నడిపే ముసలాయన మొదటిరోజే నా చెవిలో చెప్పాడు: “అది ఎప్పుడూ చేతిలోనే ఉండాలయ్యా, కట్టేసావా కొంప మునుగుద్ది” అని. మీ నందిగామ తాతయ్యేమో ఫోన్లో వీడియోలు చూసి ఒక ముడి నేర్చుకున్నాడు. ఎక్కడం ఆలస్యం, ఆ తాడుని ముడిమీద ముడేసి బిగించేస్తాడు. బిగించి, చేతులు దులుపుకుని, లేచి నిలబడతాడు. కూర్చుని మాట్లాడటం ఆ మనిషికి రాదు, క్లాసులో అలవాటు. నాకు రోజూ కళ్ళన్నీ ఆ ముడి మీదే. చెప్పానా? చెప్పలా. “భలే ముడండీ” అన్నా ఒకసారి. సిగ్గులేకపోతే సరి!

శనివారం. అడగాల్సిన రోజు అదే, ఇంక గడువు లేదు. పులిహోర కట్టించుకుని బయల్దేరాం. నేను చుక్కాని దగ్గర. ఆయన తాడు బిగించి, ఒక చేత్తో తెరచాప కొయ్య పట్టుకుని నిలబడి, నదులు ఎట్టా పుడతాయో చెప్తున్నాడు. అవునండి, అవునండి అంటన్నా. లోపలేమో మీ అమ్మ మాట ఎట్టా ఎత్తాలా అని. అప్పుడు అవతలి గట్టున, గుంటూరు జిల్లా వైపు, ఇప్పుడు పల్నాడు అంటున్నారులే, ఆకాశం నల్లబడి ఎర్రదుమ్ము లేచింది. “సిమెంటు లారీలు” అన్నాడాయన. సిమెంటు ఎర్రగా ఎప్పుడుంటుందే? నాకర్థమైంది. “బావగారూ, తమరు ఏమీ అనుకోకపోతే, వీలైతేనే, ఆ తాడు కాస్త విప్పి చేత్తో పట్టుకుంటారేమోనని...” నా మర్యాద సగంలో ఉండగానే గాలొచ్చి పడింది.

ఓరి నాయనో! పడవ ఒక పక్కకి ఒరిగిపోయింది. లోపల గిన్నెలు, పొయ్యి, పులిహోర మొత్తం దొర్లినయి. అంచు మీంచి నీళ్ళు లోపలికొస్తున్నయి. ఆయనకి ఈతొచ్చా? రాదు. ఈత గురించి మాత్రం గంటసేపు చెప్తాడు. అట్టాంటి మనిషి ఒరిగినవైపే నిలబడి, “కంగారు పడకండి బావగారూ, దీనికొక పద్ధతుంది” అంటన్నాడే! అంతే. నాకెక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు. “ఒరేయ్, కూర్చోరా! ఒరేయ్, ఇటొచ్చి కూర్చోరా సన్నాసీ! సస్తావురా ఒరేయ్!” అని అరిచా, ఆ ఇంకో మాట కూడా కలిపి. గట్టు మీద బల్లకట్టు వాళ్ళక్కూడా వినపడిందంట.

నలభై ఏళ్ళు ఊళ్ళో పిల్లలందర్నీ కూర్చోండ్రా కూర్చోండ్రా అన్న మనిషి. నోరు తెరిచి నావంక చూసాడు. చూసి, పాక్కుంటా వచ్చి పైకి లేచినవైపు అంచుమీద టపీమని కూలబడ్డాడు. నేను జేబులోంచి టైర్లు కోసే కత్తి తీసి ఆ ముడి పక్కన ఒక్క కోత కోసా. తెరచాప పటపటా కొట్టుకుంది, పడవ మెల్లిగా లేచి సరిగ్గా నిలబడింది. ఇద్దరం తడిసి ముద్దయిపోయాం. బతికిపోయాం.

ఎట్టాగో గట్టుకొచ్చి పడ్డాం. టీ కొట్టు దగ్గర పంచె పిండుకుంటా అడిగాడు. “ఆ ముడి తప్పని మీకు ఎప్పట్నుంచి తెలుసు?” “మొదటిరోజునుంచీ అండి.” “నాలుగు నెలలు!” “అవునండి.” “మరి చెప్పలేదే?” “ఎట్టా చెప్తానండీ, మీరు మగపెళ్ళివారాయె.” అంతే, టీ తాగకుండానే గ్లాసు అక్కడ పెట్టి ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు.

ఇంకేముంది, మీ అమ్మ ఉద్యోగం నా చేతుల్తో నేనే కృష్ణలో కలిపేసా అనుకున్నా. మీ అమ్మమ్మ దులిపేసింది. “రెండ్రోజులు ఆ నోరు కట్టుకోలేకపోయావా?” అంది. “కట్టుకునుంటే నువ్వు రేపు బొట్టు తీయాల్సొచ్చేదే” అన్నా. అయినా ఆగలేదులే.

ఆదివారం పొద్దున్నే బుట్టెడు రసాలు కొనుక్కుని నందిగామ బస్సెక్కా, క్షమాపణ చెప్పుకుందామని. దారి పొడుగునా మాటలు కూర్చుకుంటా పోయా, నోరు జారిందండీ, పెద్దమనసు చేసుకోండీ, మా పిల్ల మీద కోపం పెట్టుకోకండీ అని. వెళ్ళేసరికి ఆయన వరండాలో పడక్కుర్చీలో పేపరు చదువుతున్నాడు. బుట్ట కింద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడి, “బావగారూ” అన్నా. పేపరు దించలేదు.

అప్పుడు మీ అమ్మ కాఫీ గ్లాసులతో బయటికొచ్చింది. ఆయనకొకటి, నాకొకటి ఇచ్చింది. ఇచ్చి, అక్కడే నిలబడి, “మామయ్యగారూ, రేపట్నుంచి నేను కాలేజీకి వెళ్తున్నా. పాపని స్కూలు నుంచి మీరు తీసుకురావాలి” అంది.

వెళ్ళమంటారా అని అడగలేదే! చెప్పింది. ఆయన పేపరు దించి మీ అమ్మని చూసాడు, నన్ను చూసాడు. కాఫీ ఒక గుక్క తాగాడు.

“స్కూలు ఎన్నింటికి వదుల్తారు?” అన్నాడు.

నాకు బస్‌స్టాండు దాకా తోడొచ్చింది మీ అమ్మ. “అంత ధైర్యం ఎక్కడ్నుంచొచ్చిందమ్మా నీకు?” అన్నా. “నిన్న మామయ్యగారు వచ్చీరాగానే చెప్పారు నాన్నా, మీ నాన్న నన్ను ఒరేయ్ అన్నాడమ్మా అని. చెప్పి, స్నానం చేసి, పప్పన్నం రెండుసార్లు పెట్టించుకుని తిన్నారు. ఇంట్లో ఏమీ కూలిపోలేదు. ఆరేళ్ళనుంచీ నువ్వు ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడుతుంటే, నేనూ అట్టాగే నిలబడాలేమో అనుకున్నా” అంది.

బస్సులో కూర్చుని ఏడ్చానే. కండక్టరు ఏమైంది తాతా అన్నాడు. ఏం చెప్తా? మర్యాద మర్యాద అనుకుంటా నా పిల్లని నేనే కట్టేసానని చెప్తానా?

ఆయనా? ఇప్పుడూ వెళ్తాంగా ఇద్దరం. తాడు ఆయన చేతిలోనే ఉంటది, నేను అరుస్తా ఉంటా. ఆయనా తిరిగి అరుస్తాడు, వయసైనకొద్దీ బూతులు కూడా నేర్చాడు. నిన్ను ఐదో క్లాసు దాకా రోజూ స్కూలు నుంచి తీసుకొచ్చింది ఆయనే గదా.

ఇంక ఆ ఫోను ఆపు. ఇటు రా, తల ఇటు పెట్టు. ఎవరి ముందైనా సరే, చెప్పాల్సిన మాట పడవ ఒరిగేదాకా దాచుకోమాక తల్లీ. నూరేళ్ళు చల్లగా బతుకు... ఆ బూతు మాటేంటంటావా? పోయి ఆయన్నే అడుగు.