పది సైట్లు, ఒకే మాట

ఇంటర్నెట్‌లో సమాచారం వెతికే పరీక్ష అయిపోయింది. లైబ్రరీ సైన్సు మాస్టారు ఎర్రపెన్ను మూత తీసి, ఎదురుగా నిలబడ్డ విద్యార్థినిని ఎగాదిగా చూశారు.

“మన లైబ్రరీ పెట్టిన సంవత్సరం తప్పు రాశావు. పది సైట్లూ ఒకటే చెబుతుంటే నీ ఒక్కదానికే వేరేది దొరికిందా?”

“అదంతా గొర్రెదాటు సార్. ఒకచోట ఉన్నది పదీ అక్షరం మార్చకుండా ఎక్కించుకున్నాయి. నేను పాత పత్రికల స్కాన్లు వెతికాను. ఆ సైట్లు చెప్పే సంవత్సరానికి ఆరేళ్ల ముందే ప్రారంభోత్సవం ఫొటో వాటిలో పడింది.”

“నోరు బాగానే లేస్తోందే! జవాబుల కీలో ఉన్నదానికే మార్కులు. మార్చి రాస్తావా, సున్నా వెయ్యనా?”

“వేసుకోండి. నేను మార్చను.”

“ఇంతకీ ఆ పదీ ఎక్కడ్నుంచి ఎత్తుకొచ్చాయట?”

“మన లైబ్రరీ సైటు నుంచే. ఆ పేజీ కింద రాసినవారని మీ పేరుంది సార్. ఆ ఎర్రపెన్నేదో ముందు అక్కడ పెట్టండి.”