స్టీరియోలో కురిసిన వాన

మా బావగారు ఏం చెప్పినా వీధి చివరిదాకా వినబడుతుంది. చెవులు మందగించిన మా అక్కకి ఇప్పుడు తేలిగ్గా అందే గొంతు అదొక్కటే.

ఆ సాయంత్రం నేను వాళ్ల వరండాలో కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాను. పక్కింటి టైలరు పాత స్టీరియో ఒకటి చంకన పెట్టుకుని వచ్చాడు. వాళ్లమ్మకి టీవీలో మాటలు అందడం లేదట. అందరూ నవ్వితే మొదట్లో తనూ ఊరికే నవ్వేదట, ఇప్పుడు లేచి వంటింట్లోకి వెళ్లిపోతోందట.

"బాబాయ్, మీరు మీ టీవీని స్టీరియోకి కలిపారటగా. మాదీ కలిపిపెట్టండి. అమ్మ మళ్లీ వచ్చి మాతో కూర్చుంటుంది" అన్నాడు.

ఎదురింటి కండక్టరు కూడా వచ్చి మెట్ల మీద చేరాడు. ఇంకేం కావాలి, బావగారు కాలు మీద కాలు వేసుకున్నారు.

"అదేం పెద్ద పని కాదురా అబ్బాయ్. ఒక్క వైరు. టీవీ వెనక ఒక కొస, స్టీరియో వెనక ఒక కొస, అంతే, చేతులు దులుపుకున్నా. ఇప్పటి టీవీలు అప్పడాల్లా పలచగా ఉంటే గొంతు ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పు? స్టీరియోకి ఛాతీ ఉంది. మొదట వార్తలు పెట్టాను. చదివే అమ్మాయి కాగితం తిప్పిందా, ఆ గాలికి మా గోడ మీద క్యాలెండరు రెపరెపలాడింది."

"ఫ్యాను గాలేమో" అన్నాడు కండక్టరు.

"కరెంటు పోయిందిరా అప్పుడు!"

"మరి టీవీ ఎలా..."

"మధ్యలో అడ్డు రాకు. ఆ తర్వాత సినిమా వచ్చింది. సినిమాలో వాన. మీ పిన్ని పరుగున వెళ్లి దండెం మీద బట్టలన్నీ తీసుకొచ్చేసింది. తీసుకొచ్చింది సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ బట్టలు పిండితే బక్కెట్టు నిండింది! ఇదిగో, మా మరదల్ని అడుగు."

నేను బఠాణీల్లో తల దూర్చేశాను.

"ఆ వాన వెలిసిందో లేదో, రైలొచ్చింది. కూత వేసిందంటే చూడు, వీధిలో జనం పెట్టేబేడా పట్టుకుని మా గేటు ముందు నిలబడ్డారు. ఒకాయనైతే, ఇది ఎక్కడెక్కడ ఆగుతుందండీ అని నన్నే అడిగాడు. ప్రకటనలు వచ్చినప్పుడల్లా ఆగుతుందని చెప్పా."

"టిక్కెట్లు ఎవరు కొట్టారో?"

"నువ్వే కొట్టావు! నిద్రలో నడుచుకుంటూ వచ్చి కొట్టేసి వెళ్లి పడుకున్నావు. నీకేం గుర్తుంటుంది."

టైలరు నవ్వలేదు. "రైలు సంగతి సరే బాబాయ్, మాటలు వినబడతాయా? మా అమ్మకి మాటలు కావాలి" అన్నాడు.

"మాటలా! మొన్న సీరియల్లో కోడలు మనసులో ఏదో అనుకుంది. పైకి అనలేదురా, మనసులోనే. అది మాకు వినబడింది! అత్తగారి చెవిన పడుతుందేమోనని గబగబా సౌండు తగ్గించబోయాను. అప్పటికే ఆవిడ వినేసింది. కథంతా మారిపోయింది. ఆ సీరియల్ తీసినవాళ్లు ఇప్పటికీ నాకోసం వెతుకుతున్నారు."

టైలరు ముఖం వెలిగిపోయింది. లేచి నిలబడ్డాడు. "అయితే పదండి, ఇప్పుడే కలిపేద్దాం."

బావగారి కాలు మెల్లగా కిందికి దిగింది. "ఇప్పుడా? గాలి కాస్త తేమగా ఉంది, వైరుకి మంచిది కాదు..."

అప్పుడే అక్క టీ పట్టుకొచ్చింది. గ్లాసులు అందించి, టైలరు వైపు తిరిగింది.

"నాయనా, నువ్వు రేడియోలు బాగుచేసే అతన్ని పిలిపించుకో. మొన్న అతను వచ్చి మాది చూశాడు. వైరు ఒక కొస టీవీలోంచి శబ్దం బయటికొచ్చే చోట ఉందట, రెండో కొస కూడా స్టీరియోలోంచి శబ్దం బయటికొచ్చే చోటే ఉందట. రెండూ చెప్పేవే, వినేది ఒక్కటీ లేదు అని నవ్వాడు. వైరు పెట్టిన రోజు నుంచీ మా ఇంట్లో రెండు పెట్టెలూ మూగవే."

కండక్టరు టీ పొలమారి దగ్గాడు. బావగారు పైకప్పు వైపు చూశారు.

"మరి మీరు రోజూ సీరియల్ చూస్తారుగా పిన్నీ?" అన్నాడు టైలరు. అక్కకి అందలేదని రెండోసారి గట్టిగా అడిగాడు.

"ఈయన నా చెవి పక్కన కూర్చుని, వాళ్ల పెదాలు చూసి చెబుతుంటారు. నిన్న కోడలు సగం ఆస్తి రాసిమ్మని నిలదీసిందన్నారు. పొద్దున్న ఇదిగో, ఈ మా చెల్లెలి ఇంట్లో అదే మళ్లీ వస్తుంటే దగ్గరకెళ్లి విన్నాను. ఆ పిల్ల ఉప్పు అందివ్వమంది."

"మరి ఆ రేడియో అతని చేత మీదీ సరిచేయించుకోలేకపోయారా?"

"చేస్తానన్నాడు. నేనే వద్దన్నాను. మీ అమ్మకి మాత్రం ఉన్నది ఉన్నట్టు వినబడాలి, రేపే పిలిపించు" అని అక్క ఖాళీ ట్రే తీసుకుని లోపలికి వెళ్లి టీవీ పెట్టింది.

టైలరు స్టీరియో మళ్లీ చంకన పెట్టుకున్నాడు. గదిలో బొమ్మలు చప్పుడు లేకుండా పెదాలు ఆడిస్తున్నాయి. బావగారు కుర్చీ ఈడ్చుకుంటూ లోపలికి వెళ్లి అక్క చెవి పక్కన వేసుకున్నారు.

"అడిగింది ఉప్పే కావచ్చు, ఆ అడిగిన తీరు చూశావా?" అన్నారు. ఆ మాట వీధి చివరిదాకా వినబడింది.