కొత్త మేస్త్రీ

గుత్తి దగ్గర వేరుశనగ విత్తనాల ప్యాకింగ్ షెడ్డులో కొత్త రోబో నాలుగో సంచిని కూడా జార్చేసింది. పదేళ్లుగా అక్కడ సంచులు నింపుతున్న ఆవిడ, దాన్ని బిగించడానికొచ్చిన ఇంజనీరు పక్కకొచ్చి నిలబడింది.

"గింజలన్నీ ఒక పక్కకే చేరుండాయప్పా, అందుకే జారతాండాది. మేమైతే అడుగున రెండుసార్లు తట్టి ఎత్తుతాం."

"దాని చెయ్యి పట్టుకుని ఒకసారి చేసి చూపించక్కా. అట్లే నేర్చుకుంటాది."

"అది నేర్చుకున్న మర్నాడు నన్ను ఇంటికి పంపిస్తారు."

"ఎట్లా పంపిస్తారు? ఇట్లాంటివి ఇంకా ఆరు వస్తాండాయి. వాటికి నేర్పేది ఎవరు?"

"నోటిమాట నాకొద్దు. కాగితం మీద రాయి."

అతను పెన్ను తీశాడు.

"రాసి, మేనేజరుతో సంతకం కూడా పెట్టిస్తా. ఏం పనని రాయాల, హెల్పరనా?"

"హెల్పరు అదప్పా. నన్ను మేస్త్రీ అని రాయి."