రాయి చప్పుడు

గోపాలపట్నంలోని ఆ చిన్న వర్క్‌షాపులో ఇనుప పనిముట్లు సానబెట్టే పాతకాలపు బెంచి గ్రైండరుకి బేరింగులు మార్చడం, తుప్పు గీకి రంగు వేయడం అయిపోయాయి. ఇక గుండ్రటి సానరాళ్ళు బిగించడమే మిగిలింది. మొగుడి గ్రైండరుని అమ్మేద్దామని బాగుచేయించుకుంటున్న ఆమె స్టూలు మీద కూర్చుని మెకానిక్ చేతుల వంకే చూస్తోంది.

"రాయిని అలాగ ఏలికి తగిలించి కొడతన్నావేటి తమ్ముడూ?"

"మంచి రాయైతే గంటలాగ మోగుతాదప్పా. ఇను." స్క్రూడ్రైవర్ చెక్క పిడితో కొట్టాడు. ఖంగుమంది.

"మరి రెండోది?"

కొట్టాడు. మొద్దుగా పలికింది. "దీనికి లోపల పగులుంది. కంటికి కనపడదు. బిగిస్తే, తిరిగినప్పుడు పేలిపోతాది."

"కొట్టకుండా ఎప్పుడూ బిగించవా?"

"బిగించనప్పా."

"రెండేళ్ళ కితం మీ బావ గ్రైండరుకి కొత్త రాయి బిగించినోడివి నువ్వే కదా. ఆ రోజు కొట్టినావా?"

అతను స్క్రూడ్రైవర్‌ని బల్ల మీద పెట్టాడు.

"ఆ రోజు తొందరలో ఉన్నానప్పా."

"మరి ఆస్పత్రికాడ, బావ గట్టిగా నొక్కీసినాడు, అందుకే రాయి పేలిందన్నావు."

"బయమేసింది."

"రెండేళ్ళుగా ఆయన తప్పు తనదేనని కుమిలిపోతన్నాడు. నానూ తిట్టినాను తమ్ముడూ. సేజేతులా కళ్ళు పోగొట్టుకున్నావని రోజూ తిట్టినాను."

"గ్రైండరు రేపు నానే ఇంటికి తెచ్చిస్తాను."

"గ్రైండరు సంగతి తరవాత. ఈ రెండు రాళ్ళూ పట్టుకుని ఇప్పుడే నాతో రా. ఆయన ముందర కొట్టు. ఆయనకి కళ్ళు నేవు గానీ, సెవులున్నాయి."