యోగిత ఎక్కడని అడుగుతున్నారు

పెద్దలకు, పిల్లలకు నమస్కారం. జురాంగ్ ఐలాండ్‌లో డ్యూటీ దిగి నేరుగా వచ్చిన మంజూర్ అన్నయ్యకి, సెంగ్‌కాంగ్ బంధువులకి, మా బ్లాక్ వాళ్ళకి, అందరికీ. సూరిబాబుగారు ఇక లేరు అని ఇందాక మైకులో చెప్పారు. నాకింకా ఆ మాట చెవికెక్కలేదు. భార్యగా నాలుగు మాటలు చెప్పమన్నారు. నిలబడే చెప్తాను, కూర్చుంటే కాళ్ళు ఊరుకోవడం లేదు.

వచ్చిన దగ్గర్నుంచీ అందరిదీ ఒకటే ప్రశ్న. యోగిత ఏది? తండ్రికి కొరివి పెట్టిన పిల్ల సంతాప సభకి రాకపోవడమేమిటి? చెప్తాను. కాస్త ఓపిక పట్టండి.

మా ఆయనకి మాత్రం ఓపిక లేదు. పిల్లకి చిన్న రేసు కార్లు నేర్పించడానికి ప్రతి శనివారం సింగపూర్ దాటి మలేషియాలో జొహోర్ తీసుకెళ్ళేవారు. వుడ్‌ల్యాండ్స్ దాటి సముద్రం మీద కాజ్‌వే ఎక్కగానే కార్లన్నీ ఆగిపోయేవి. అందరూ ఏం చేస్తారు? కూర్చుంటారు. ఈయన? స్టీరింగ్ నాకప్పగించి దిగి, ఎందుకాగిందో చూసొస్తానని ముందుకి నడిచిపోయేవారు. చెమటలు కక్కుతూ తిరిగొచ్చి, "ముందూ కార్లేనే" అనేవారు.

ఈ ఏడాది పిల్ల యూరప్‌లో ఫార్ములా రేసుల్లో చేరింది. ఒక్క మనిషే పట్టే కారు, పైకప్పు ఉండదు. ఇటలీలో మొదటి రేసుకి ఇద్దరం వెళ్ళాం. ఈయనేం చేశారు? సీటు మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి కాఫీకి వెళ్ళారు. మన హాకర్ సెంటర్‌లో భోజనానికి టిష్యూ పెట్టి సీటు ఆపుకున్నట్టే అనుకున్నారు! వచ్చేసరికి ఒక ముసలాయన ఆ సీట్లో కూర్చుని, ఆ టిష్యూతోనే ముక్కు తుడుచుకుంటున్నాడు. "చోప్ చేశాను లా, సీటు నాది!" అని ఈయన అరుపులు. పాపం ఆ ముసలాయనకి చోపేం తెలుసు? చివరికి ఈయన రేసంతా మెట్ల మీద నిలబడి చూశారు. నవ్వండి, ఫర్వాలేదు. నాకూ నవ్వొస్తోంది.

తర్వాత ఒకసారి వానలో కారు జారి గోడకి కొట్టుకుంది. పిల్లకి దెబ్బ తగల్లేదు. చాలు, మానిపించేయండి అన్నాను. ఎప్పుడూ ఒకచోట నిలవని మనిషి నా పక్కన కూర్చుని, "రత్నం, భయం నీ దగ్గరుంచుకో. దాని చేతికివ్వకు" అన్నారు.

ఇప్పుడు వినండి. ఈ సీజన్‌లో ఆఖరి రేసు ఇవాళే. గెలిస్తే సీజన్ మా పిల్లదే. మైల తీరలేదు, పెద్దకర్మ కాలేదు, ప్రయాణమేమిటన్నారు. మీది తప్పని నేననను. అది కూడా "వద్దమ్మా, ఐ కాంట్ లా" అని ఏడ్చింది. ఆయన వెళ్ళమని చెప్పి పోయారా? లేదు. అబద్ధమాడను. ఆ గుండెపోటు ఒక్క మాటకీ వ్యవధి ఇవ్వలేదు. నేను పంపాను. నేనే చాంగీ ఎయిర్‌పోర్టులో దిగబెట్టాను. తిట్టాలంటే నన్ను తిట్టండి. అక్కడ దానికేమన్నా అయితే? ఆ ప్రశ్న మీకంటే ముందు నేనడిగాను. ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను.

రేసు మొదలయ్యే వేళయింది. రాజేష్, తమ్ముడూ, రేసు చూపించే ఆ ఫోన్ జేబులో పెట్టు. ఆయన కోసం అందరం లేచి ఒక్క నిమిషం మౌనంగా నిలబడదాం. ఈ నిమిషం నన్ను ఆయన భార్యగా ఉండనివ్వండి. నిమిషం కాగానే, తమ్ముడూ, ఆ ఫోన్ తెచ్చి నా చేతికియ్యి.

లేవండి.